ముప్పై నాలుగో పేరు

ఆ వేసవిలో మా కాలేజీ బలిసింది. దాన్ని మేపినవాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి ఈ సంగతి చెప్పడానికి నాకంటే అర్హులెవరూ లేరు.

మాది పేరు చెప్పగానే నలుగురూ కళ్ళు పెద్దవి చేసే కాలేజీ కాదు. ఊరివాళ్ళ కోసం ఊరే నడుపుకునేది. పదిహేడేళ్ళ పిల్లా చేరొచ్చు, రిటైరైన పోస్ట్‌మాస్టరూ చేరొచ్చు. ఆరు నెలల కోర్సు, ఏడాది కోర్సు, సాయంత్రం కోర్సు. ముందువైపు రెండంతస్తుల మేడ, వెనకాల రేకుల షెడ్డు. మేడ కింద గదిలో గాజు కిటికీ వెనక అడ్మిషన్ల కౌంటరు, అందులో పద్నాలుగేళ్ళుగా నేను. వెనకాల షెడ్డులో వడ్రంగం కోర్సు, అందులో పంతొమ్మిదేళ్ళుగా మా ఆయన. ముందు గుమ్మం పెళ్ళాం చేతిలో, వెనక గుమ్మం మొగుడి చేతిలో ఉంటే ఇంక ప్రిన్సిపాల్ దేనికని మా ప్యూను వేళాకోళం చేసేవాడు. అప్పట్లో నేనూ నవ్వేదాన్ని.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి కొత్త కోర్సుల అధికారి అని ఒకాయన వచ్చాడు. వచ్చిన మొదటి రోజే స్టాఫ్ రూము బోర్డు మీద కింది మూల నుంచి పై మూల దాకా ఓ బాణం గీసి, "మనం ఇటు వెళ్తున్నాం" అన్నాడు. ఆ సాయంత్రానికే ఆయన పేరు బాణం సారు అయిపోయింది. మనిషి చెడ్డవాడు కాదు. తిట్టుకుందామంటే వీలివ్వని మర్యాద ఆయనది. డ్రోన్లు నడిపే కోర్సు, సోలార్ పలకలు బిగించే కోర్సు, ఆసుపత్రి సహాయకుల కోర్సు, ఫోనుతో వీడియోలు తీసే కోర్సు అంటూ నెల తిరక్కుండా తొమ్మిది కొత్త కోర్సులు తెచ్చాడు. ఈ ఏడాది ప్రవేశ రుసుము లేదని ప్రకటించాడు. నా కౌంటరు ముందు వరస గేటు దాటి రోడ్డెక్కింది. నీళ్ళు తాగడానికి లేస్తే నా కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారన్నంత తొక్కిడి.

ఆ తొక్కిడిలోనే ఓ రోజు నా ముందుకి కాగితం వచ్చింది. ఏ కోర్సులో పదకొండేళ్ళుగా ఎంతమంది చేరారో పట్టిక. వడ్రంగం ఎదురుగా పదహారు, పదహారు, పదహారు... చివర్న పెరుగుదల సున్నా. దాని కింద ఎర్ర గీత. ఎర్ర గీత పడ్డవాటిని ఏం చేస్తారని అడిగితే బాణం సారు నొచ్చుకుంటూ చెప్పాడు, "పెరగని కోర్సుని ఎంతకాలమని మొయ్యగలం మేడమ్?"

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన వాకిట్లో కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. అత్తయ్య పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏమండీ, ఈ ఏడాది ఎంతమందిని తీసుకుంటారు?" అన్నాను.

"ఎన్ని బల్లలున్నాయి?"

"పదహారు."

"మరి ఇంకేం అడుగుతావు?"

"మీ కోర్సు కింద ఎర్ర గీత పెట్టారు. పెరక్కపోతే మూసేస్తారట."

"పిండి కొద్దీ రొట్టె. బల్ల లేకుండా మనిషిని తెచ్చి నిలబెట్టి ఏం చేయించను, చప్పట్లు కొట్టించనా?"

అత్తయ్య తలెత్తకుండానే అంది, "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మాయ్. ఎనిమిది గోళీలుంటే ఎనిమిది మందినే ఆటకి పిలిచేవాడు. తొమ్మిదోవాడు ఏడ్చుకుంటూ నా దగ్గరికొచ్చేవాడు. వాడికి బెల్లం ముక్క పెట్టి పంపడం నా పని."

ఆయన కోర్సు సంగతి కొంచెం చెప్పాలి. సీటు కావాలని ఎవరొచ్చినా ఆయన ముందు పేరు అడగడు. నిటారుగా నిలబడమంటాడు. చేతులు వదిలేసి, అరచేయి నేలవైపు చదునుగా పెట్టమంటాడు. నేల నుంచి అరచేతి దాకా చెక్క కొలబద్దతో కొలుస్తాడు. ఆ కొలత నీలం అట్ట పుస్తకంలో రాసి, ఆ తర్వాత పేరు, మిగతా వివరాలు రాస్తాడు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు, ఒక పనిబల్ల కాళ్ళ కింద చెక్కదిమ్మలు బిగించి సరిగ్గా ఆ ఎత్తుకి తెచ్చి, అప్పుడు తనే ఫోన్ చేసి రమ్మంటాడు. మనిషికి బల్ల సరిపడాలి గాని బల్ల కోసం మనిషి వంగకూడదనేది ఆయన మాట. వంగి చెక్క నున్నగా చిత్రిక పట్టినవాడికి నలభై ఏళ్ళకే నడుం పోతుందట. వాళ్ళ నాన్నకి పోయింది.

పని నేర్చుకుని వెళ్ళినవాళ్ళ పేరు పక్కన చిన్న టిక్కు పెడతాడు. వస్తానని మాటిచ్చి రానివాళ్ళ పేరు మీద అడ్డంగా ఒక గీత కొడతాడు. గీత కొట్టేది దానికొక్కదానికే. అన్నేళ్ళ పుస్తకంలో గీతలు నాలుగో అయిదో ఉంటాయి. మొదటి పేజీలో మొదటి పేరు నాది, ముప్పై ఒకటింపావు అంగుళాలు. పెళ్ళైన కొత్తలో మా వంటింటి గట్టుకి చెక్క పరిచేటప్పుడు, పుస్తకం అప్పుడే కొన్నాడు గనక బోణీ నాతో చేశాడు. టిక్కు పెట్టరా అని అడిగితే, "నీ పని ఎప్పటికి అయ్యేను" అని నవ్వాడు.

"ఆ పుస్తకంలో వంతు కోసం ఎంతమంది ఉన్నారు ఇప్పుడు?" అన్నాను.

"అరవై ఒక్కరు."

"అది తీసుకెళ్ళి బాణం సారు ముందు పెట్టండి. ఇంతమంది కాచుక్కూచున్నారు, ఇంకో షెడ్డు కట్టించండి అని అడగండి. ఎర్ర గీతేమిటి, దండలేసి తీసుకెళ్తారు మిమ్మల్ని."

"వాళ్ళు పేర్లిచ్చింది నాకు. కాలేజీకి కాదు. నీ వంతు రాగానే నేనే పిలుస్తానని ఒక్కొక్కళ్ళకీ మాటిచ్చాను."

"కోర్సే పోతే ఎక్కడికి పిలుస్తారు?"

ఆయన ఉలి అంచు గోటి మీద ఆనించి చూసుకున్నాడు. "పోతే అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా ఆ 'అప్పుడు చూద్దాం'తో కాపురం చేస్తున్నదాన్ని. ఇల్లు కారినా అదే మాట, పళ్ళు కదిలినా అదే మాట. చివరికి చూసేది ఎప్పుడూ నేనే. ఇదీ నేనే చూస్తాననుకున్నాను. నాకు ఒళ్ళు మండింది కూడా. తన పట్టుదల తనకుంటే సరి, ఇంటావిడ పొద్దున్న లేచి ఎవరి షెడ్డు కోసం భయపడుతోందో ఆయనకి పట్టదు.

మర్నాడు బాణం సారు నా కౌంటరు దగ్గర ఆగినప్పుడు ఊరికే కదిపి చూశాను. "సార్, ఏదైనా కోర్సుకి ఉన్నట్టుండి చాలామంది వస్తే గదులు ఇస్తారా?"

ఆయన నవ్వాడు. "మేడమ్, గదుల్ని చూసి నేను మనుషుల్ని తీసుకోను. మనుషుల్ని చూసి గదులిస్తాను."

నేను దాన్ని మాటిచ్చినట్టే తీసుకున్నాను. మా ఆయనతో ఇన్నేళ్ళుండి, అందరూ మాటని మాటలాగే వాడతారనుకున్నాను.

అడ్మిషన్లు మూసే ముందురోజు పొద్దున్న అరలోంచి నీలం పుస్తకం తీసి నా భోజనం సంచిలో పెట్టుకున్నాను. అత్తయ్య చూసింది.

"అది వాడి పుస్తకం కదూ?"

"అవునత్తయ్యా. కాలేజీలో కావాలట."

"వాడికి చెప్పావా?"

"చెప్తాను" అన్నాను. చెప్పానని అనలేదు గనక అబద్ధం కాదని దారంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ప్రతి ఏడూ ఆయన పుస్తకంలో వంతు వచ్చిన పదహారు పేర్లు తన చేత్తో రాసిన కాగితం ఇస్తాడు, నేను ఎక్కిస్తాను. ఆ రోజు మధ్యాహ్నం, వరస పలచబడ్డాక, కాగితంలో ఉన్న పదహారూ ఎక్కించి ఆగకుండా పుస్తకం తెరిచాను. పేరు, వయసు, ఫోను, చదువు, ఈ కోర్సులో ఎందుకు చేరుతున్నారు. అన్నిటికీ గడులున్నాయి. కొలతకి గడి లేదు. ముప్పై రెండున్నర, ముప్పై మూడు, పావు తక్కువ ముప్పై అయిదు... మొదటి రెండు పేర్లకీ ఆ అంకెలు వదిలెయ్యడానికి కొంచెం చేయి ఆగింది. తర్వాత అలవాటైపోయింది. టీ వచ్చే వేళకి అరవై ఒకటీ ఎక్కేశాయి. పుస్తకం మళ్ళీ తెచ్చి అరలో ఎలా ఉన్నది అలాగే పెట్టాను. నిజం చెప్తున్నాను, ఆ రోజు నాకు సిగ్గనిపించలేదు. మొగుడి మెడ మీద కత్తి తప్పించాననే అనుకున్నాను.

వారం తిరిగాక మేడ మీది హాల్లో సమావేశం పెట్టారు. పంకాలు తిరుగుతున్నాయి గాని గాలి కిందకి దిగడం లేదు. ముందు వరసలో కొత్త కోర్సులవాళ్ళు కూర్చున్నారు. వెనక వరసలో మా ఆయన, జుట్టులో రంపపు పొట్టుతోనే వచ్చి కూర్చున్నాడు. నేను పక్కన గోడవైపు కూర్చున్నాను. బాణం సారు తెర ముందు నిలబడి అడిగాడు.

"ఈ ఏడాది అందరికంటే ఎక్కువ పెరిగిన కోర్సు ఏదో చెప్పగలరా? డ్రోన్లు కాదు. ఆసుపత్రి కోర్సు కూడా కాదు. వడ్రంగం. రెండొందల ఎనభై ఒక్క శాతం."

హాలు చప్పట్లతో మోగింది. ఎవరో మా ఆయన భుజం తట్టారు. ఎక్కడో పొరపాటు జరిగిందని చెప్పడానికన్నట్టు ఆయన లేచి నిలబడ్డాడు. అప్పుడే తెర మీద పేర్లు పడ్డాయి. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఒక్కో పేరూ చదువుతుంటే పెదాలు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. పదహారు దాటాయి. పదిహేడోది కదిలింది, పద్దెనిమిదోది కదిలింది. తన పుస్తకంలో ఉన్న వరస అది, ఒక్కటి కూడా అటూఇటూ కాలేదు. ఇంకొంచెం కిందకి వెళ్ళాక పెదాలు ఆగిపోయాయి. కళ్ళజోడు తీసి, మడిచి, కూర్చున్నాడు. నావైపు చూడలేదు.

"అరవై ఒక్క మందికి పదహారు బల్లలు ఏ మూలకి?" అంటున్నాడు బాణం సారు. నేను ముందుకు వంగాను. తర్వాతి మాట షెడ్డే. "కాబట్టి ఇకనుంచి వడ్రంగం ఈ హాల్లోనే జరుగుతుంది. పెద్ద తెర మీద వీడియో పాఠాలు, ఒకేసారి అందరికీ. చేతిపని రెండో దశలో చూద్దాం. ఖాళీ అయిన షెడ్డులోకి డ్రోన్ల కోర్సు వస్తుంది."

మళ్ళీ చప్పట్లు. ఆ మాటలు నా బుర్రకి ఎక్కేలోపల నా చేతులు కూడా రెండు చప్పట్లు కొట్టేశాయి.

ఇంటికి వేర్వేరుగా వచ్చాం. ఆయన కాళ్ళు కడుక్కుని, అత్తయ్యకి మందు ఇచ్చి, అర దగ్గరికి వెళ్ళి పుస్తకం తీశాడు. నేను వంటింటి గట్టు దగ్గర నిలబడి, నోటి నిండా సంజాయిషీలు పెట్టుకుని ఉన్నాను. ఎర్ర గీత గురించి, బాణం సారు మాట గురించి, ఎవరి కోసం చేశానో దాని గురించి. ఆయన అరిస్తే నేనూ అరిచేదాన్ని. పుస్తకం ఒక చోట తెరిచి, చూసి, మూశాడు.

"ముప్పై నాలుగో ఆయన పోయాడు" అన్నాడు. "బస్సు డ్రైవరు. పోయిన చలికాలం. నేను కొట్టెయ్యలేదు."

"నాకు తెలీదండీ."

"నీకెలా తెలుస్తుంది. రాసి లేదుగా."

అంతే. పుస్తకం అరలో పెట్టి స్నానానికి వెళ్ళాడు. ఆ రోజు మొదలు ఈ విషయం మీద ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మిగతావన్నీ మాట్లాడాడు. పాలు వచ్చాయా, అమ్మకి మందు అయిపోయిందా, గొడుగు ఎక్కడ పెట్టావు. తిట్టినా బాగుండేది. సంగతంతా అత్తయ్యకి నేనే చెప్పాను. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అంది. తర్వాత తనే నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ ముసలావిడ కోపమైనా జాలైనా దాచుకునే రకం కాదు.

మర్నాడు నేను బాణం సారు గదికి వెళ్ళాను. "సార్, ఆ నలభై అయిదు పేర్లూ నేను ఎక్కించినవి. వాళ్ళు దరఖాస్తు పెట్టలేదు" అని చెప్పేశాను.

ఆయన కంగారు పడతాడనుకున్నాను. "వాళ్ళకి ఈ కోర్సు కావాలా, వద్దా?" అన్నాడు.

"కావాలి. ఏళ్ళ తరబడి కాచుక్కూచున్నారు."

"మరి తప్పేముంది? కాచుక్కూచున్నవాళ్ళని లోపలికి తెచ్చారు. ఇలాంటి చొరవే నాకు కావాలి."

"అందులో ఒకాయన చనిపోయాడు సార్. ఆ పేరైనా తీసేస్తాను."

"అయ్యో పాపం" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. "నెలాఖరుకి పైకి లెక్క పంపాలి మేడమ్. అప్పటిదాకా ఎవర్నీ తియ్యకండి. తర్వాత చూద్దాం."

ఈ 'చూద్దాం' మా ఇంటి 'చూద్దాం' కాదని అప్పటికి నాకు తెలిసింది. ఆ వారంలోనే నన్ను అడ్మిషన్ల విభాగానికి పెద్దని చేశారు. చక్రాల కుర్చీ వచ్చింది. కొత్త కౌంటరు కూడా వచ్చింది, తెల్లగా నున్నగా, నా మోచేతుల కంటే నాలుగు వేళ్ళు ఎత్తులో. దాని ముందు కూర్చుంటే భుజాలు చెవులకి తగులుతాయి.

వానలు ఆ ఏడు తొందరపడ్డాయి. షెడ్డు ఖాళీ చేసి పదహారు బల్లల్నీ ప్రహరీ గోడ పక్కన పేర్చి, మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. వేరే బడులకి ఇస్తామని కబురు పెడితే చూడ్డానికి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఒక్కో బల్లా ఒక్కో ఎత్తున ఉందని, వరసగా వేస్తే గది ఎగుడుదిగుడుగా కనిపిస్తుందని వదిలేసి పోయారు. దిమ్మలు తీస్తే అన్నీ ఒకే ఎత్తుకి వస్తాయని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి చెప్పలేదు. పట్టా గాలికి ఎగిరిపోయింది, చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది. వాపుని చూసి బలుపనుకోవడం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మేడ మీద తెర మీద మా బాణం ఇంకా పైకి పోతూనే ఉంది.

సీట్లు వచ్చినవాళ్ళందరికీ మెసేజీలు వెళ్ళిన మూడో రోజున, జోరుగా వాన పడుతుంటే, నలభై దాటిన ఒకావిడ నా కౌంటరు దగ్గరికొచ్చింది. ప్లాస్టిక్ సంచిలోంచి పాత ఫోను తీసి గాజు సందులోంచి లోపలికి జరిపింది.

"మా ఆయనకి సీటొచ్చిందని ఇందులో వచ్చిందమ్మా" అంది. "అభినందనలు అని రాశారు. ఆయన బస్సు నడిపేవాడు. పోయి ఏడు నెలలైంది."

నేను క్షమించమని ఏదో గొణిగాను. ఆవిడ నన్ను తప్పు పట్టడానికి రాలేదు. చెయ్యి కిందకి వదిలి, అరచేయి నేలకేసి చదునుగా పెట్టి చూపించింది.

"ఇలా నిలబెట్టి కొలిచారని వచ్చి ఎన్నిసార్లు చెప్పాడో. ఇంట్లో కొలబద్ద తీసుకుని నన్ను కూడా కొలిచేవాడు, తమాషాకి. మా ఇంట్లో గదికీ వంటింటికీ మధ్య తలుపు లేదమ్మా. కొందామంటే ఒప్పుకునేవాడు కాదు. వంతు రానీ, నేర్చుకుని నేనే చేస్తానని పరదా కట్టాడు. ఇప్పటికీ పరదాయే." ఆవిడ రెండు చేతులూ గాజు ముందు పెట్టి చూపించింది. "ఆయన సీటు నాకిస్తారా? పని చేసే చేతులే నావి కూడా."

"సీటైతే ఇస్తానమ్మా" అన్నాను. "కాకపోతే..."

"బల్ల ఉంటుంది కదా?"

జవాబు ఆవిడ వెనకాల నిలబడి ఉంది. వరసలో తర్వాతి మనిషనుకున్నాను, తలెత్తి చూస్తే మా ఆయన. పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ వరసలో నిలబడలేదు. పని ఉంటే పక్కకి వచ్చి గాజు మీద గోటితో రెండుసార్లు కొట్టేవాడు. ఆ రోజు తడిసిన చొక్కాతో, అందరిలాగా, తన వంతు కోసం నిలబడ్డాడు.

"మీ ఆయనది ముప్పై మూడుంపావు" అన్నాడు ఆవిడతో. పుస్తకం చేతిలో లేదు. "మీరు ఆయనకంటే పొట్టి. మీకు ముప్పై ఒకటి సరిపోవచ్చు."

ఆవిడ ఆయన్ని పోల్చుకుంది. "మీరేనా మాస్టారు? అయితే రాసుకోండి మరి."

"రాసుకుని ఎక్కడికి పిలవనమ్మా" అన్నాడు ఆయన. "బల్లలు బయట తడుస్తున్నాయి."

ఆవిడ కిటికీలోంచి ప్రహరీ గోడవైపు చూసింది. తర్వాత ఫోను మళ్ళీ ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, "సరేలెండి" అని వెళ్ళిపోయింది. ఎవరి మీదా కోపం లేకుండా అన్న ఆ సరేలెండి నాకు ఇప్పటికీ అరగలేదు.

మా ఆయన ముందుకొచ్చి షెడ్డు తాళంచెవి కౌంటరు మీద పెట్టాడు. పక్కన మడిచిన కాగితం, ఉద్యోగం మానేస్తున్నట్టు.

"రసీదు కావాలి" అన్నాడు.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాను గొంతు తగ్గించి.

"వెనక జనం ఉన్నారు."

రసీదు రాశాను. తాళంచెవి ఒకటి, ఎవరి నుంచి, ఎవరికి, తేదీ. అన్నిటికీ గడులున్నాయి. ఆయన మొత్తం చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకుని వానలోకి వెళ్ళాడు. గొడుగు నా దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత మా ఇల్లు కూలిపోలేదు. కూలితే చుట్టుపక్కలవాళ్ళు చూసి ఓదార్చేవాళ్ళు. ఆయన ఊరవతల తలుపుల ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ రోజుకి రెండొందల తలుపులు వస్తాయట, అన్నీ ఒకే కొలత. పొద్దున్న బస్సెక్కుతాడు, సాయంత్రం దిగుతాడు, వాకిట్లో ఉలి నూరుకోవడం మానేశాడు. హాల్లో వడ్రంగం కోర్సు ఏడాదంతా దివ్యంగా నడిచింది. వీడియో నడిస్తే చాలు, పేరున్నవాళ్ళంతా హాజరైనట్టే లెక్క. మళ్ళీ వేసవికి సర్టిఫికెట్లు నా కౌంటరుకి వచ్చాయి. అరవై ఒక్క మందీ ఉత్తీర్ణులే. తీసేద్దాం, చూద్దాం అన్న పేరు ఎవరికీ గుర్తు లేదు. ముప్పై నాలుగో సర్టిఫికెట్టు మీద బస్సు డ్రైవరు పేరు బంగారు రంగు అక్షరాల్లో మెరుస్తోంది.

దాన్ని ఆ ఇల్లాలికి ఇవ్వాలా, చింపెయ్యాలా అని మూడు రోజులు సొరుగులో పెట్టుకుని ఆలోచించాను. కనీసం మనిషిని కలిసి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఇల్లు ఎక్కడో పుస్తకంలో రాసి ఉంటుంది. ఓ ఆదివారం పొద్దున్న, ఆయన అత్తయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, అరలోంచి నీలం పుస్తకం తీశాను. రెండోసారి.

డ్రైవరు పేరు మీద గీత లేదు. అలాగే ఉంది, ముప్పై మూడుంపావుతో. చివరి పేజీలో కొత్త సిరాతో ఒక వరస కనిపించింది. 'డ్రైవరు గారి భార్య, ముప్పై ఒకటి, అంచనా. కొలవాలి.' రాసుకుని ఎక్కడికి పిలవను అన్న మనిషి ఆ రోజే ఇంటికొచ్చి రాసుకున్నాడన్నమాట. నాకు కళ్ళు చెమర్చాయి. ఎక్కడో ఇంకా ఆశ పెట్టుకున్నాడు, పుస్తకం మూతపడలేదు అనుకుంటూ, ఊరికే, సంతోషం కొద్దీ, మొదటి పేజీ తిప్పాను.

నా పేరు మీద గీత ఉంది. కొలబద్ద పెట్టి కొట్టిన గీత, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎక్కడా వంకర లేకుండా.

చనిపోయిన మనిషి పేరు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు ఆయనకి.

పుస్తకం ఎలా ఉన్నది అలాగే అరలో పెట్టాను. వాళ్ళు వచ్చే వేళైంది, వంట మొదలుపెట్టాలి. వంటింట్లోకి వెళ్ళి గట్టు ముందు నిలబడి చేతులు వదిలేశాను. అరచేయి సరిగ్గా చెక్క మీద ఆనింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. గట్టుకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.